పెన్న దాటిన ఉత్తరాలు

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో రెండు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదివాను. రెండూ ఉత్తరాల పుస్తకాలే. ఒకటి ఎలిజా ఫే అనే ఆంగ్ల యువతి తూర్పుదేశాల నుంచి ఇంటికి వ్రాసుకొన్న లేఖలు. రెండవది మన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. రెండింటిలోను నేను మొదట వెదికింది ఒక్కటే: మా నెల్లూరు. పుట్టిన ఊరి పేరు పరాయి పుస్తకంలో కనబడితే కలిగే చిన్నపాటి గర్వం మీకూ అనుభవమే కదా! ఆ వెదుకులాటలో తెలిసిన సంగతులు, వాటితోపాటు నా స్వంత తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకొంటాను.

ఎలిజా ఫే 1756లో పుట్టింది. భర్త ఆంథొనీ ఫే న్యాయవాది. కలకత్తా సుప్రీం కోర్టులో వకాల్తా చేసి సంపాదించాలని అతని ఆశ. 1779 వసంతంలో ఇద్దరూ ఐరోపా మీదుగా బయలుదేరారు. ఆ రోజుల్లో ఇంగ్లండునుంచి వచ్చేవారు సాధారణంగా ఆఫ్రికా కొసను చుట్టుకొని ఓడలో వచ్చేవారు. వీరు ఆల్ప్స్ కొండలు దాటి, ఇటలీలో ఓడ ఎక్కి, అలెగ్జాండ్రియాలో దిగి, కైరోనుంచి ఎడారి బిడారుతో సూయెజు చేరారు. అక్కడ మళ్ళీ ఓడ ఎక్కి కళ్ళికోటకు వచ్చేసరికి హైదరాలీకి, ఆంగ్లేయులకు చెడింది. ఆ నవంబరులో హైదరాలీ అధికారులు ఓడలోని వారందరినీ పట్టుకొన్నారు. ఎలిజా దాదాపు పదిహేను వారాలు చెరలో ఉంది. కొచ్చిన్‌కు చెందిన ఐజాక్ అనే యూదు వర్తకుని పూనికతో విడుదలై, 1780 ఏప్రిల్ నాటికి భర్తతో చెన్నపట్టణం చేరింది. అప్పటికి ఆమె వయసు ఇరవై నాలుగు దాటలేదు.

ఆమెను విడ్డూరపు మనిషి అనాలి. చదువు అంతంతమాత్రం, కోపం జాస్తి, భయం తక్కువ. తోటి ప్రయాణికులను ఒక్కొక్కరినీ దులిపి వదిలిపెడుతుంది. చెరలో ఉన్నా ఆమె కలానికి వాడి తగ్గదు. కష్టాన్ని చెప్పుకొని ఏడ్చే తీరు కాదు, కష్టం తెచ్చిపెట్టినవాడిని పట్టుకొని నిలదీసే తీరు. అందుకే రెండు శతాబ్దాలు దాటినా ఆ ఉత్తరాలు పాతబడలేదు.

చెన్నపట్టణం ఆమెకు నచ్చింది. సున్నపు పూతతో పాలరాతిలా మెరిసే మేడలను చూసి మురిసిపోయింది. తరవాత ఓడ ఎక్కి మే నెలలో కలకత్తా చేరింది. ఓడ ఉత్తరదిశగా పోయింది కనుక మా తీరం పక్కనుంచే పోయి ఉండాలి. పులికాటు, శ్రీహరికోట, దుగరాజపట్నం, కృష్ణపట్నం, పెన్న సాగరంలో కలిసే చోటు, అన్నీ ఆమె ఎడమచేతి వైపున జారిపోయి ఉంటాయి. ఆమెకు అది ఒక సన్నని ఇసుక గీత, దానిమీద తాటిచెట్ల వరుస, అంతే అయి ఉంటుంది. ఓడలకు ఆ తీరం అంటే భయం. దుగరాజపట్నం ఎదుట సముద్రంలో మునిగి ఉండే ఇసుకతిప్పకు నావికులు ఆర్మగాన్ తిప్ప అని పేరు పెట్టి, దూరంగా తొలగి పోయేవారు.

ఆ ఆర్మగాన్ పేరు వెనుక ఒక చరిత్ర ఉన్నది. దుగరాజపట్నానికి ఆంగ్లేయులు పెట్టుకొన్న పేరది. 1626 ప్రాంతంలో వారు అక్కడ వర్తకస్థానం పెట్టుకొని చుట్టూ కోట కట్టుకొన్నారు. దక్షిణంగా పులికాటులో అప్పటికే డచ్చివారు స్థిరపడి ఉన్నారు. ఆర్మగాన్‌లో అద్దకపు బట్టల బేరం ఆశించినంత సాగలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే మంచి చోటు వెదుక్కొంటూ దక్షిణానికి పోయి, 1639లో దామర్ల వారి వద్ద చెన్నపట్టణం స్థలం సంపాదించాడు. అంటే ఎలిజాను మురిపించిన ఆ మేడల ఊరు మా తీరంమీద మానుకొన్న బేరంనుంచి పుట్టినదే. ఆమెకు అది తెలిసే అవకాశం లేదు. మాలో చాలామందికి కూడా తెలియదు.

ఎలిజా కథ సుఖాంతం కాదు. కలకత్తాలో భర్త వృత్తిని పాడుచేసుకొన్నాడు, అప్పులు చేశాడు, వేరొక స్త్రీతో బిడ్డను కన్నాడు. 1781లో ఆమె అతనినుంచి విడిపోయింది. ఆ తరవాత కూడా ఇంగ్లండుకు పోవడం, వ్యాపారం చేయాలని మళ్ళీ కలకత్తాకు రావడం, ప్రతిసారీ దెబ్బతినడం! చివరకు తన పాత ఉత్తరాలను పుస్తకంగా వేసి నాలుగు డబ్బులు చూద్దామనుకొన్నది. ఆ పనిమీద ఉండగానే 1816లో కలకత్తాలో కన్నుమూసింది. అప్పులవాళ్ళకు చెల్లించడానికి ఆమె ఆస్తిని చూసే అధికారులు 1817లో ఆ పుస్తకాన్ని అచ్చువేశారు. 1925లో నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ పీఠికతో లండనులో మళ్ళీ వచ్చింది కనుక నాబోటివాడి దాకా చేరింది.

ఇక వీరాస్వామయ్యగారి వద్దకు వద్దాం.

ఆయన కూడా పద్దెనిమిదవ శతాబ్దం బిడ్డే. 1780 ప్రాంతంలో పుట్టారు. అంటే ఎలిజా చెన్నపట్టణంలో దిగిన కాలంలో ఆయన ఉయ్యాలలో ఉన్న పిల్లవాడన్నమాట. ఎలిజా భర్త కలకత్తా సుప్రీం కోర్టులో వకీలు అయితే, వీరాస్వామయ్యగారు పెరిగి మద్రాసు సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీ అయ్యారు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, సంస్కృతం తెలిసిన మనిషి. ఆ కోర్టు ఏర్పడింది 1801లో. అదే సంవత్సరం ఆర్కాటు నవాబు చేతినుంచి నెల్లూరు సీమ కూడా కుంపిణీ పాలనలోకి పూర్తిగా వచ్చింది.

1830 మే 18న ఆయన చెన్నపట్టణంనుంచి కాశీకి బయలుదేరారు. అది వికృతి నామ సంవత్సరం. వెంట దాదాపు వందమంది పరివారం: కుటుంబంవారు, బ్రాహ్మణులు, నౌకర్లు, పల్లకీ మోసే బోయీలు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగకు, అక్కడనుంచి కాశీ, గయ. తిరుగు ప్రయాణం కలకత్తా, జగన్నాథం, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, ఒంగోలు, నెల్లూరు మీదుగా. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట.

కాశీకి పోయివచ్చినవారు అంతకుముందు ఎందరో ఉన్నారు. గంగ కావళ్ళు తెచ్చుకొన్నారు, సంతర్పణలు చేసుకొన్నారు, పోయారు. ఈయన విడ్డూరం ఏమిటంటే, పుణ్యంతోపాటు లెక్క కూడా రాసుకొన్నారు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, దారి ఇసుకా రాయా, నీళ్ళు మంచివా ఉప్పువా, దిగడానికి చావడి ఉన్నదా డేరా వేసుకోవాలా, అంగట్లో ఏమి దొరుకుతుంది, అక్కడ చెల్లే నాణెం ఏది, ఏటిని దాటించే పడవవాడికి ఏమి ఇవ్వాలి. దేవుణ్ణి చూసి వచ్చిన కలంతోనే అంగడిని కూడా వర్ణిస్తారు. ఒక పూట వేదాంతం, మరొక పూట పప్పూ ఉప్పూ. ఆయనకు ఆ రెంటి మధ్య గోడ లేదు.

ఈ సంగతులను ఆయన ఎప్పటికప్పుడు లేఖల రూపంలో మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుతూ వచ్చారు. అందువల్లనే ఆ భాష అంత జీవంతో ఉన్నది. కావ్యం వ్రాస్తున్నానని ఆయన అనుకోలేదు, స్నేహితుడికి చెబుతున్నానని అనుకొన్నారు. మద్రాసు తెలుగు, అందులో అరవం, హిందూస్తానీ, ఇంగ్లీషు మాటలు, కచేరీ పలుకుబడి, అన్నీ అలాగే దిగిపోయాయి. వ్యావహారికమా గ్రాంథికమా అనే తగవు పుట్టడానికి చాలాకాలం ముందే ఒక దుబాసీ దారిపక్క కూర్చొని ఆ తగవును ఆచరణలో తీర్చివేశాడు.

మా నెల్లూరు ఆయనకు ప్రయాణపు చివరి రోజులలో వస్తుంది. ఒంగోలునుంచి దక్షిణానికి వచ్చేవారికి వరుసగా ఏళ్ళు అడ్డం పడతాయి: పాలేరు, మన్నేరు, ఆ తరవాత పెన్న, కండలేరు, స్వర్ణముఖి, కాళంగి. ఒక్కదానికీ అప్పట్లో వంతెన లేదు. ఉత్తరపు ఒడ్డున కోవూరు, దక్షిణపు ఒడ్డున నెల్లూరు, నడుమ పెన్న ఇసుక. మా వైపు పెద్దవానలు ఆశ్వయుజ కార్తికాలలో పడతాయి కనుక అంతకుముందు వచ్చినవాడు అదృష్టవంతుడు. పొద్దున్నే రంగనాయకులస్వామి గోపురం ఇసుక మీదుగా కనబడే ఆ దృశ్యాన్ని నేను చిన్నతనంలో ఎన్నోసార్లు చూశాను. పదిహేను నెలలు తిరిగివచ్చిన మనిషికి అది గోపురం మాత్రమే కాదు. ఇక్కడనుంచి చెన్నపట్టణం పట్టుమని పది పన్నెండు మజిలీలు.

నాకు ఎంతో నచ్చే ఊహ ఒకటి ఉన్నది. మద్రాసు, కలకత్తాల మధ్య కుంపిణీ టపా ఈ తీరపు బాటమీదనే నడిచేది. పరుగుబంట్లు సంచీ భుజాన వేసుకొని, ఒకరి చేతినుంచి ఒకరు అందుకొంటూ రాత్రింబవళ్ళు పోయేవారు. వీరాస్వామయ్యగారు కలకత్తానుంచో గంజాంనుంచో వేసిన ఉత్తరం ఏదైనా ఉంటే అది ఈ దారినే వచ్చి ఉండాలి. పల్లకీ ఎక్కడో గోదావరి అవతల ఉండగానే ఆయన మాటలు మా నెల్లూరు దాటి, పేరు తెలియని ఒక పరుగుబంటు భుజంమీద పెన్నను దాటి ఇల్లు చేరిపోయి ఉంటాయి. తెలుగు బ్లాగర్లం మన వ్రాతలకు ‘టపా’ అని పేరు పెట్టుకొన్నప్పుడు ఈ మనుషులు ఎవరికైనా గుర్తుకు వచ్చారో లేదో! ఆ మాట వెనుక చెమట ఉన్నది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఉత్తరం వ్రాసే చోటనే కాదు, ఉత్తరం అందుకొనే చోట కూడా చరిత్ర తయారవుతుంది. వీరాస్వామయ్యగారు 1836లో స్వర్గస్థులయ్యారు. శ్రీనివాసపిళ్ళగారు ఆ లేఖలను భద్రంగా దాచి, 1838లో పుస్తకంగా అచ్చువేయించారు. 1869లో మరొకసారి అచ్చయింది. తరవాత అది జనం చేతుల్లోంచి జారిపోయింది. 1941లో బెజవాడ న్యాయవాది, చరిత్రకారులు దిగవల్లి వేంకటశివరావుగారు దానిని వివరాలతో, పీఠికతో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఈనాడు మనం చదువుతున్నామంటే ఆ ఇద్దరి చలవ. ఒకరు స్నేహం కొద్దీ దాచారు, ఒకరు శ్రద్ధ కొద్దీ వెదికారు.

ఎలిజా పుస్తకమూ ఆమె పోయాకే వచ్చింది, ఈయన పుస్తకమూ ఈయన పోయాకే వచ్చింది. అయితే ఒకటి అప్పులవాళ్ళ కోసం, మరొకటి స్నేహితుడి జ్ఞాపకం కోసం. చదివేటప్పుడు ఇంకొక భేదం కూడా గుర్తుంచుకోవాలి. ఎలిజా తన ఉత్తరాలను ముప్ఫై అయిదేళ్ళ తరవాత అచ్చుకోసం తానే సిద్ధం చేసుకొన్నది. ఆ యువతి కోపంలో ఆ ముదుసలి ఎంత సానపట్టిందో మనం విడదీయలేము. వీరాస్వామయ్యగారి మాటలు మజిలీలోనే కాగితమెక్కాయి. ఆయన పొరపాటు పడినా ఆనాటి పొరపాటే పడతారు. చరిత్ర చదివేవాడికి అది చాలా పెద్ద మేలు.

అలాగని ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకొని ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అది పల్లకీలోనుంచి కనబడిన దేశం. కుంపిణీ కొలువులో పెరిగిన కన్ను అది, కుంపిణీవారి ఏర్పాట్లను మెచ్చుకోవడానికి ముందుంటుంది. పల్లకీ కింద భుజం పెట్టినవాడికి ఆ దారి ఎలా కనబడిందో మనకు తెలియదు. వందమంది నడిచారు, వారిలో వ్రాసినది ఒక్కరు. బోయీలలో ఒక్కరి ఉత్తరం కూడా మనకు లేదు. వెంట వెళ్ళిన ఆడవాళ్ళ మాట కూడా అంతే. ఎలిజా ఎంత కోపిష్ఠి అయినా తన మాట తాను వ్రాసుకోగలిగింది. ఈ పరివారంలోని స్త్రీలకు ఆ భాగ్యమూ లేదు.

ఈ బాటకు మరొక కథ ఉన్నది, అది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. వీరాస్వామయ్యగారు పెన్న దాటిన మరుసటి సంవత్సరం నందన. వానలు లేవు. 1832, 33లలో గుంటూరు, నెల్లూరు సీమలను చుట్టుకొన్న ఆ కరువును మన పెద్దలు నందన కరువు అని, డొక్కల కరువు అని తరతరాలు చెప్పుకొన్నారు. ఒక్క గుంటూరు సీమలోనే అయిదు లక్షల జనంలో లక్షన్నరకు తక్కువ కాకుండా చచ్చిపోయారని చరిత్రకారుల లెక్క. బ్రతికి ఉన్నవారు తిండి వెదుక్కొంటూ మద్రాసు దారి పట్టారు. ఏ దారి? ఈ దారే. ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట. రెండేళ్ళ క్రితం ఫలానా ఊరిలో అంగళ్ళు ఉన్నాయి, సరుకులు దొరుకుతాయి అని ఒక బాటసారి రాసుకొన్న చోట్లనే జనం బాటపక్కన కూలిపోయారు. మద్రాసు చేరగలిగిన వారికి అన్నం పెట్టిన దాతలలో వీరాస్వామయ్యగారు కూడా ఉన్నారు.

ఈ సంగతి తెలిసిన తరవాత ఆ పుస్తకంలోని సరుకుల జాబితాలను నేను మునుపటిలా చదవలేకపోయాను. అంతకుముందు అవి కాస్త విసుగు పుట్టించేవి. ఇప్పుడు ఒక ఊరిలో బియ్యం దొరుకుతుంది అన్న మాట దగ్గర ఆగుతాను. దొరుకుతుంది అని ఒకరు రాసిపెట్టారు కనుక, దొరకని రోజు ఎలాంటిదో మనకు అర్థమవుతున్నది. ఆ కరువులు నేర్పిన పాఠాల మీదనే తరవాత ఆనకట్టలు వచ్చాయి. 1850లలో పెన్నమీద నెల్లూరు వద్ద ఆనకట్ట కట్టారు. 1876-78 నాటి పెద్ద కరువులో కూలీలకు పని చూపడానికి తీరపు కాలువలను కలిపి బకింగ్‌హాం కాలువ చేశారు. మా తీరాన నీటి చరిత్ర అంతా ఆకలి చరిత్రకు ఆనుకొనే ఉన్నది.

ఇప్పుడు నా తప్పు.

మా తాతయ్య 1950లలో కాశీ వెళ్ళారు. రైలులోనే లెండి. నెలన్నర ఉన్నారు. వారానికి రెండు కార్డులు ఇంటికి వ్రాసేవారట. మా నాయనమ్మకు చదువు రాదు. మా నాన్న చదివి వినిపించేవారు. అవి నాకు తెలిసేనాటికి వంటింటి గోడకు కొక్కెం తీగకు గుచ్చి ఉండేవి. పొగచూరి గోధుమరంగు తిరిగాయి. ఒకటి రెండు నేనూ చదివాను. విశ్వనాథుడి దర్శనం ఒక్క ముక్కలో అయిపోయేది. తక్కినదంతా పాలు ఎట్లా ఉన్నాయి, బియ్యం ముతకగా ఉన్నాయి, మన మొలకొలుకుల వంటివి ఇక్కడ లేవు, సత్రంలో నీళ్ళకు ఎంత దూరం పోవాలి, ఇవే. చివర ఎప్పుడూ ఒకటే ప్రశ్న: బర్రె ఈనిందా? నాయనమ్మ జవాబు చెప్పి వ్రాయించేదట, “దేవుడి మాట తరవాత, బర్రె ఈనిందని రాయి నాయనా ముందు” అని.

నాకు పదమూడేళ్ళప్పుడు భోగిమంటకు కట్టెలు, పాత సామాను పోగుచేస్తున్నాము. నేను ఆ తీగను మూకుడు పెంకులతో, చిరిగిన చాపతో కలిపి తీసుకుపోయి మంటలో వేశాను. ఎవరూ చెప్పలేదు, నాకై నేనే వేశాను. పాతవి తగలబెట్టాలన్నారు కదా! నాయనమ్మ చూసింది. తిట్టలేదు. “పోనీలే, నాకు చదవనొచ్చా ఏమన్నానా” అన్నది. అప్పుడు నాకది క్షమాపణలాగే వినిపించింది. ఆమెకు ఆ కార్డులలోని మాటలన్నీ కంఠస్థమని ఆమె పోయిన తరవాత మా అత్తయ్య చెప్పింది.

అందుకని శ్రీనివాసపిళ్ళగారి పేరు చదివినప్పుడల్లా నాకు కాస్త సిగ్గు వేస్తుంది. ఆయన పెద్దమనిషి, మద్రాసులో పేరున్నవాడు. పచ్చయ్యప్ప ధర్మసంస్థల వంటి పెద్ద పనులలో పాలుపంచుకొన్నవాడు. అయినా తెలుగువాళ్ళకు ఆయన చేసిన ఉపకారాలలో నా దృష్టిలో పెద్దది చాలా చిన్న పని: స్నేహితుడి కాగితాలను పారవేయలేదు.

ఒక్క కార్డు మిగిలింది. అది తీగకు గుచ్చినది కాదు, నాయనమ్మ పూజగదిలోని రామాయణం పుస్తకంలో ఉండిపోయింది. తారీకు చెరిగిపోయింది. ప్రయాగలో వేసినట్టున్నది. త్రివేణిలో స్నానం అయింది, చలి ఎక్కువ, నీళ్ళు మన పెన్న నీళ్ళంత తీపిగా లేవు, అని ఉన్నది. గంగను పెన్నతో పోల్చి తక్కువ చేసిన ఆ నెల్లూరు మనిషి విడ్డూరానికి మొదటిసారి నవ్వాను. కింద మామూలు ప్రశ్నే ఉన్నది.

ఆ కార్డును ఇప్పుడు కాశీయాత్ర చరిత్రలో, నెల్లూరు వచ్చే పుటల మధ్య పెట్టుకొన్నాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉండవచ్చు. వచ్చే భోగికి ముందు ఒకసారి చూసుకోండి.